నాన్న రిపోర్టు పాడు, ఆయాసం అమ్మకెక్కువ: ఎందుకిలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 68 ఏళ్లు, ముప్ఫై ఐదేళ్లు సిగరెట్లు కాల్చి ఎనిమిదేళ్ల కిందట మానేశారు, గట్టిగా ఊదించే పరీక్షలో ఎఫ్‌ఈవీ1 అనే అంకె 45 శాతం. అమ్మగారికి 62, జన్మలో పొగ తాగలేదు, ఎఫ్‌ఈవీ1 60 శాతం. ఇద్దరికీ సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఊపిరి ఆడకుండా చేసే దీర్ఘకాలిక జబ్బు) అన్నారు, ఇద్దరికీ క్యాప్సూల్ వేసి పీల్చే ఒకే రకం ఇన్‌హేలర్ రాశారు. నాన్నగారు పొద్దున్నే అరగంట నడిచొస్తున్నారు, అమ్మగారు స్నానం మధ్యలో కూర్చుండిపోతున్నారు. డాక్టరుకి చెబితే "ఈ రిపోర్టుకి ఇంత ఆయాసం రాకూడదమ్మా, మీరు టెన్షన్ పడుతున్నారు" అని రాత్రిపూట వేసుకోమని ఒక మాత్ర రాశారు. ఈ జబ్బు ఆడవాళ్లకొకలా, మగవాళ్లకొకలా ఉంటుందా, లేక అమ్మది నిజంగా భయమేనా అని మీ ప్రశ్న.

ఉంటుంది. అమ్మగారు ఎక్కువ చేసి చెప్పట్లేదు. ఇరవై రెండేళ్లుగా ఊపిరితిత్తుల రోగుల్నే చూస్తున్నాను. అందులో చివరి పన్నెండేళ్లు వాళ్లచేత నడిపించి, మెట్లెక్కించి, ఊపిరి పీల్చడం నేర్పించే పునరావాస విభాగంలోనే. మీ ఇంట్లో జరుగుతున్నది నేను చాలా ఇళ్లలో చూశాను. ముందే ఒక మాట: కింద నేను ఆడవాళ్లు, మగవాళ్లు అని రాసేదంతా సగటు. మీ నాన్నగారి లాంటి ఆడవాళ్లూ, మీ అమ్మగారి లాంటి మగవాళ్లూ నా దగ్గర ఉన్నారు.

మొదట ఆ శాతాల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మిమ్మల్ని తికమక పెట్టింది అదే. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి ఎంతో చెప్పేది ఎఫ్‌ఈవీ1. శాతం అనేది, అదే వయసు, అదే ఎత్తు, అదే లింగం ఉన్న ఆరోగ్యవంతులతో పోల్చి వేసేది. అంటే నాన్నగారిని మగవాళ్లతో, అమ్మగారిని ఆడవాళ్లతో పోలుస్తారు. ఉదాహరణకి నాన్నగారి ఎత్తుకీ వయసుకీ 2.8 లీటర్లు రావాలనుకుందాం, అందులో 45 శాతం అంటే 1.26 లీటర్లు. అమ్మగారు పొట్టి మనిషి అన్నారు కాబట్టి ఆవిడకి 1.8 లీటర్లు రావాలనుకుందాం, 60 శాతం అంటే 1.08 లీటర్లు. ఇప్పుడు చూడండి, శాతంలో మెరుగ్గా ఉన్న అమ్మగారి దగ్గర అసలు గాలి తక్కువ. నిండు నీళ్ల బకెట్టు మాత్రం ఎవరు ఎత్తినా అంతే బరువు. పరుపు మీద దుప్పటి మార్చడానికి పట్టే శ్రమ మనిషి ఎత్తును బట్టి తగ్గదు. చిన్న ఊపిరితిత్తులతో అదే పని చేయాలంటే తన శక్తిలో ఎక్కువ వంతు పెట్టాలి, హద్దు తొందరగా వచ్చేస్తుంది. ఆ హద్దు దగ్గరపడటాన్నే మనిషి ఆయాసం అంటాడు. రిపోర్టు చూసే తొందరలో చాలామంది శాతం గడి దగ్గరే ఆగిపోతారు, పక్కనున్న లీటర్ల గడి చదవరు.

ఎత్తు సమానమైనా తేడా పోదు. ఒకే ఎత్తున్న ఆడమనిషి ఊపిరితిత్తులు మగమనిషి వాటికంటే పది, పన్నెండు శాతం చిన్నవి. అంతకంటే ముఖ్యమైనది, ఊపిరితిత్తులు సమానంగా ఉన్నవాళ్లని తీసుకున్నా ఆడవాళ్ల గాలి గొట్టాలు సన్నవి. సన్న గొట్టం లోపల కొంచెం వాపొచ్చినా, కాస్త కళ్లె అంటుకున్నా దెబ్బ పెద్దది. గాలి సాఫీగా పారే గొట్టంలో వ్యాసార్ధం సగమైతే అంతే గాలి పంపడానికి కావలసిన ఒత్తిడి రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. పెద్ద గొట్టం తట్టుకునే వాపుని చిన్న గొట్టం తట్టుకోలేదు.

జబ్బు లోపల పని చేసే తీరు కూడా ఒకటి కాదు. సీఓపీడీ అని ఒక పేరు పెట్టాం గానీ అందులో రెండు నష్టాలు కలిసుంటాయి. గాలి గదుల గోడలు కరిగిపోయి ఊపిరితిత్తి వదులు సంచిలా తయారవడం ఒకటి, దీన్నే ఎంఫిసీమా అంటారు. గాలి గొట్టాల గోడలు మందమై దారి ఇరుకవడం రెండోది. 2007లో వెయ్యిమందికి పైగా తీవ్ర ఎంఫిసీమా రోగుల స్కాన్లు, ఊపిరితిత్తి ముక్కలు పరిశీలించినప్పుడు మగవాళ్లలో ఎంఫిసీమా విస్తారంగా, ఆడవాళ్లలో గొట్టాలు ఇరుకుగా, గోడలు మందంగా కనిపించాయి. దాంతో ఒక చిక్కుంది. ఎంఫిసీమా స్కాన్‌లో నల్లటి ఖాళీల్లా ఎవరికైనా కనబడుతుంది. సన్న గొట్టాల జబ్బు అలా కంటికి కొట్టినట్టు కనబడదు. "స్కాన్‌లో పెద్దగా ఏం లేదు" అన్న మాట ఆడవాళ్లే ఎక్కువ విని వెనక్కి వెళ్తుంటారు.

అమ్మగారు పొగ తాగలేదన్నారు, కానీ కిందనే ఇంకో వాక్యం రాశారు, చిన్నప్పటి నుంచి పెళ్లయిన పదిహేనేళ్ల దాకా కట్టెల పొయ్యి మీదే వంట అని. నాన్నగారి ముప్ఫై ఐదేళ్ల సిగరెట్లలో సగానికి సగం ఆవిడ ఉన్న గదిలోనే కాలి ఉంటాయి. సీఓపీడీ ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మంది ఎప్పుడూ పొగ తాగనివాళ్లే. ఇప్పటికీ 200 కోట్ల మందికి పైగా కట్టెలు, బొగ్గు, పేడ, కిరోసిన్ లాంటివాటి మీదే వంట చేసుకుంటున్నారు. ఆ పొగ దగ్గర గంటల తరబడి ఉండేది ఎక్కువగా ఆడవాళ్లు. ఆ పొగ వల్ల వచ్చే సీఓపీడీలో ఎంఫిసీమా తక్కువ, గొట్టాల గోడలు మందమవడం, గాలి లోపలే చిక్కుకుపోవడం ఎక్కువ. దగ్గు, కళ్లె కూడా ఎక్కువే. అమ్మగారి జబ్బు దీనికి సరిగ్గా సరిపోతోంది. ఆవిడకి సిగరెట్ చరిత్ర లేదు కాబట్టి ఈ జబ్బు ఉండదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇక ఆ "టెన్షన్" మాట దగ్గరికి వస్తాను. నాకు కోపం తెప్పించే మాట అది. 2001లో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికా, కెనడాలకు చెందిన 192 మంది సాధారణ వైద్యుల ముందు దగ్గు, ఆయాసం ఉన్న ఒక రోగి కథ పెట్టారు. కథ ఒకటే, కొందరికి రోగి ఆడమనిషి అని చెప్పారు, కొందరికి మగమనిషి అని. మగమనిషి అన్నప్పుడు 58 శాతం మంది సీఓపీడీ అన్నారు, ఆడమనిషి అన్నప్పుడు 42 శాతం మందే. స్పైరోమెట్రీ, అంటే గట్టిగా ఊదించి గాలిని కొలిచే పరీక్ష, దాని ఫలితం చేతికిచ్చాక ఆ తేడా బాగా తగ్గిపోయింది. ఆ పరీక్ష కావాలని మొదట్లోనే అడిగింది మాత్రం 22 శాతం మంది. వాళ్లంతా చెడ్డ వైద్యులు కారు. సీఓపీడీ అనగానే మగమనిషి బొమ్మ మనసులో మెదిలే చదువు మా అందరిదీ. ఆ బొమ్మ పాతబడి చాలా కాలమైంది. అమెరికాలో 2000 సంవత్సరంలోనే ఈ జబ్బుతో చనిపోయిన ఆడవాళ్ల సంఖ్య మగవాళ్లని మొదటిసారి దాటింది.

నా దగ్గరికి ఒకావిడ వచ్చారు, యాభై దాటిన మనిషి. నాలుగు వేళ్ల మందం ఫైలు తెచ్చారు. అందులో ఈసీజీలు ఆరు, ఆందోళనకి మాత్రలు మూడు రకాలు, ఉబ్బసం అని ఒకచోట, మెనోపాజ్ వల్ల అని ఇంకోచోట. ఆరేళ్ల కాగితాల్లో స్పైరోమెట్రీ ఒక్కటీ లేదు. ఊదించాం, ఎఫ్‌ఈవీ1 41 శాతం. ఆవిడ ఆ కాగితం చూసి ఏడ్చారు. జబ్బు ఉందని కాదు, "అయితే నేను నాటకాలాడట్లేదు కదండీ" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

అలాగని భయం అసలే లేదనీ చెప్పను. సీఓపీడీ ఉన్న ఆడవాళ్లలో ఆందోళన, దిగులు మగవాళ్లకంటే ఎక్కువ కనిపిస్తాయి. ఊపిరి ఆడనప్పుడు భయం పుడుతుంది, భయంతో ఊపిరి వేగమవుతుంది, వేగంగా పీలిస్తే పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు, లోపల గాలి నిండి ఆయాసం ఇంకా పెరుగుతుంది. రెండూ కలిసే నడుస్తాయి, రెంటికీ వైద్యం కావాలి. భయం ఉంది కాబట్టి ఊపిరితిత్తుల జబ్బు లేదనుకోవడం తప్పు. ఆ మాత్ర పేరు తప్పకుండా కనుక్కోండి. నిద్రకీ ఆందోళనకీ ఇచ్చే కొన్ని మాత్రలు శ్వాసని మందగింపజేస్తాయి, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే రోగులకి అవి ప్రమాదం. చాలాకాలంగా వేసుకుంటుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, ఊపిరితిత్తుల డాక్టరుతో మాట్లాడి మార్పించుకోండి.

ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్‌లో 95 చూపిస్తోంది కదా, మరి ఆయాసం ఎందుకు అని కూడా అడిగారు. రక్తంలో ఆక్సిజన్ బాగుండటం, ఊపిరి తీయడానికి పడే కష్టం తక్కువగా ఉండటం ఒకటి కాదు. ఆవిడ కండరాలు రెట్టింపు కష్టపడి ఆ 95ని నిలబెడుతూ ఉండొచ్చు. ఇద్దరికీ కూర్చున్నప్పుడు కాదు, నడిచేటప్పుడు పెట్టి చూడండి. నాన్నగారికి కూర్చుంటే 93 అన్నారు, నడకలో ఎంతకి పడుతోందో నాకు ఆవిడ అంకె కంటే అదే ఎక్కువ ఆందోళన.

అవును, నాన్నగారి గురించి కూడా రాయాలి. "ఆయన బాగానే ఉన్నారు" అన్న మీ వాక్యం నాకు నచ్చలేదు. మగవాళ్లని "ఆయాసం ఉందా" అని అడిగితే "లేదు" అంటారు, అబద్ధం కాదది. ఆయాసం వచ్చే పనులన్నీ ఒక్కొక్కటే మానేసుకుంటూ వచ్చి ఉంటారు. మేడ మీదికి వెళ్లడం మానేస్తారు, అక్కడేం పని అంటారు. సంచులు మోయడం మానేస్తారు, ఎవరో ఒకరు తెస్తారు కదా అంటారు. నడక అరగంటే, కానీ రెండేళ్ల కిందట ఆ అరగంటలో ఎంత దూరం వెళ్లేవారు? నేనైతే "పోయిన ఏడాది చేసి ఈ ఏడాది చేయనిదేంటి" అని అడుగుతాను, అప్పుడు బయటికొస్తుంది. ఆయన లాంటివాళ్లలో గుండె రక్తనాళాల జబ్బు, ఒళ్లు తగ్గి కండ కరిగిపోవడం, ఊపిరితిత్తుల క్యాన్సర్ కనిపెట్టుకుని ఉండాలి. కావాలని తగ్గకుండా బరువు తగ్గుతున్నా, కళ్లెలో రక్తపు చార కనిపించినా ఆ వారమే చూపించండి.

జబ్బు ఒక్కసారిగా ముదిరి దగ్గు, కళ్లె, ఆయాసం పెరిగే రోజులు మాత్రం ఆడవాళ్లకే ఎక్కువ వస్తాయి. ఆరువేల మందికి పైగా రోగుల్ని మూడేళ్లు గమనించిన టార్చ్ అనే పెద్ద అధ్యయనంలో అలా ముదరడం ఆడవాళ్లలో 25 శాతం ఎక్కువ. కాబట్టి అమ్మగారికి కళ్లె రంగు మారినా, మామూలు కంటే రెండు రోజులుగా పఫ్‌లు ఎక్కువ కావలసి వచ్చినా వేచి చూడొద్దు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఇద్దరికీ. ఎవరికైనా సరే మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందకపోయినా, పెదాలు నీలంగా మారినా, మగతగా పొంతన లేకుండా మాట్లాడినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇప్పుడు ఇన్‌హేలర్. ఇది మీరు రేపే చూడగలిగే పని. పొడి ఇన్‌హేలర్‌లో మందుని ఊపిరితిత్తుల్లోకి తోసే గ్యాస్ ఏమీ ఉండదు, రోగి లాగే బలమే ఆ పొడిని విడదీసి లోపలికి తీసుకెళ్లాలి. పొట్టిగా ఉన్నవాళ్లకీ, వయసు పైబడిన ఆడవాళ్లకీ ఆ లాగే బలం చాలకపోవడం మామూలు. అమ్మగారు ఎప్పటిలా పీల్చుకున్నాక డబ్బా విప్పి ఆ క్యాప్సూల్‌ని బయటికి తీసి వెలుతురుకి పట్టుకుని చూడండి. లోపల తెల్లగా పొడి మిగిలి ఉందా? పీల్చేటప్పుడు క్యాప్సూల్ గిరగిరా తిరిగే చప్పుడు వినిపించిందా? చప్పుడు లేకుండా పొడి మిగిలిపోతుంటే ఆవిడకి ఇన్ని నెలలుగా మందు పూర్తిగా అందట్లేదన్నమాట. అప్పుడు స్పేసర్ (మందుని కాసేపు పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టం) పెట్టి వాడే స్ప్రే ఇన్‌హేలర్‌కో, మందుని సన్న తుంపరగా మార్చి పీల్పించే నెబ్యులైజర్‌కో మార్చమని అడగండి. ఒకే జబ్బు కాబట్టి ఒకే డబ్బా అనుకోవడం మా వృత్తిలో చాలా మామూలుగా జరిగే పొరపాటు.

ఇంకో విషయం అమ్మగారితో మీరే మాట్లాడాలి, కూతురు కాబట్టి మీతో చెప్పొచ్చు. గట్టిగా దగ్గినప్పుడు మూత్రం చుక్కలు పడుతున్నాయా అని అడగండి. ఏళ్ల తరబడి దగ్గే ఆడవాళ్లలో ఇది చాలా ఎక్కువ, కాన్పులైన వాళ్లలో మరీ. డాక్టరు అడగరు, వీళ్లు చెప్పరు. దానికి భయపడి నీళ్లు తాగడం తగ్గిస్తారు, దగ్గుని బిగబట్టుకుంటారు, బయటికి రావడం మానేస్తారు. కళ్లె లోపలే ఉండిపోతుంది, మళ్లీ ఇన్‌ఫెక్షన్. నా దగ్గర ఒకావిడ వ్యాయామాలకి రెండు సార్లు వచ్చి మానేశారు, ఫోన్ చేసి బతిమాలితే ఈ సంగతి చెప్పారు. దగ్గొచ్చే ముందు మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాల్ని బిగించడం నేర్పాం. కళ్లె తీయడానికి గొంతు చించుకునేలా దగ్గకుండా, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు "హా" అని ఊదినట్టు రెండు మూడు సార్లు ఊదడం నేర్పాం. రెండు నెలల్లో మళ్లీ నీళ్లు తాగడం మొదలుపెట్టారు. మగవాళ్లు కూడా దాంపత్య జీవితంలో వచ్చిన ఇబ్బందిని ఇలాగే దాచుకుంటారు. ఈ జబ్బులో అది తరచూ వచ్చేదే, వైద్యం ఉన్నదే.

ఎముకల మాట మర్చిపోకండి. నెలసరి ఆగాక ఆడవాళ్ల ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది. దానికి తోడు ముదిరినప్పుడల్లా స్టెరాయిడ్ మాత్రలు, ఇంట్లో కదలకుండా ఉండటం. దగ్గుకే వెన్నుపూస నలిగిన వాళ్లని చూశాను. వెన్ను వంగితే ఛాతీలో చోటు తగ్గి ఊపిరి ఇంకా కష్టం. అమ్మగారికి ఎముకల సాంద్రత స్కాన్ చేయించండి. నాన్నగారికి కూడా చేయిస్తే మంచిది, సీఓపీడీ ఉన్న మగవాళ్లలో ఇది ఎవరూ వెతకరు. అలాగే అమ్మగారి ఆయాసం మొత్తం ఊపిరితిత్తులదే అని కూడా తీర్మానించొద్దు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, గుండెకి ఎకో చూడాలి. గుండె బాగానే కొట్టుకుంటూ సరిగా వదులవకపోవడం వల్ల వచ్చే ఆయాసం ఈ వయసు ఆడవాళ్లలో ఎక్కువ.

మధ్యలో ఒక చిన్న మాట, ఇది చదివే ఆడవాళ్లలో పొగ తాగేవాళ్లుంటే. లంగ్ హెల్త్ స్టడీ అనే పరిశోధనలో సిగరెట్ మానేసిన మొదటి ఏడాది ఊపిరితిత్తులు పుంజుకోవడం ఆడవాళ్లలో మగవాళ్లకంటే రెట్టింపుకి మించి ఉంది. ఆడవాళ్ల ఒంట్లో నికోటిన్ త్వరగా కరిగిపోతుంది, అందుకే మళ్లీ కావాలన్న కోరిక తొందరగా వస్తుంది, మానడం కష్టమనిపిస్తుంది. సంకల్పం లేక కాదు. మందుల సాయం అడగండి.

స్నానం విషయానికి వస్తాను, ఎందుకంటే మీ ఉత్తరం అక్కడే మొదలైంది. చేతులు భుజాల పైకి ఎత్తి చేసే పనులు ఈ రోగులకి నడక కంటే కష్టం. ఊపిరికి సాయపడే మెడ, భుజాల కండరాలు అప్పుడు చేతుల్ని మోయడంలో పడిపోతాయి. తల రుద్దుకోవడం, జుట్టు దువ్వుకోవడం, ఎత్తు మీది డబ్బా దింపడం, తడి బట్టలు తీగ మీద వేయడం, ఇవన్నీ ఆవిడ రోజంతా చేస్తూనే ఉంటారు. మెట్ల గురించీ నడక గురించీ మాత్రమే అడిగే ప్రశ్నపత్రాల్లో ఇవి రావు. స్నానానికి స్టూలు వేయండి, తలుపు కొంచెం తీసి ఉంచి ఆవిరి నిండకుండా చూడండి. ఒళ్లు తుడుచుకునే బదులు పెద్ద తువ్వాలు కప్పుకుని ఆరనివ్వమనండి. చేయి ఎత్తేటప్పుడు పెదాలు ఈల వేసినట్టు పెట్టి ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. మొదట్లో ఒక వారం మీరు పక్కన నిలబడి గుర్తుచేయాలి.

ఇద్దర్నీ పునరావాస కార్యక్రమంలో చేర్పించండి. వారానికి రెండు సార్లు, కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు. మందులతో తగ్గని ఆయాసం దీనితో తగ్గడం ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ చూస్తున్నాను. కానీ మగవాళ్లని భార్యలు తీసుకొస్తారు, ఆడవాళ్లు ఒంటరిగా వస్తారు, ఇంట్లో ఎవరికో బాగాలేదని సగంలో ఆగిపోతారు. మీరు రాసిన ఒక్క వాక్యం నన్ను ఆపేసింది: నాన్న మందుల డబ్బా వారం వారం నింపేది అమ్మే, ఆయన నెబ్యులైజర్ గొట్టాలు కడిగేదీ అమ్మే అని. ఆవిడ డబ్బా ఎవరు నింపుతున్నారు? ఆవిడ మందులు అయిపోతున్నాయని ఎవరు చూస్తున్నారు? ఆ గొట్టాలు నాన్నగారు కూర్చుని కడుక్కోగలరు, ఆ పనికి 45 శాతం చాలు.

వచ్చే అపాయింట్‌మెంట్‌కి ఇద్దర్నీ వేరువేరుగా లోపలికి పంపండి. పక్కపక్కన కూర్చుంటే నాన్నగారు ధైర్యం నటిస్తారు, అమ్మగారు ఆయన గురించే మాట్లాడతారు. ఆరు నిమిషాల నడక పరీక్ష ఇద్దరికీ చేయమనండి. అమ్మగారికి ఊపిరితిత్తుల్లో గాలి ఎంత చిక్కుకుపోతోందో కొలిచే పరీక్ష కూడా అడగండి, మామూలు స్పైరోమెట్రీలో అది తెలియదు. ఈలోగా ఆ రెండు స్పైరోమెట్రీ కాగితాల్లో శాతం పక్కనున్న లీటర్ల అంకెలు, అమ్మగారి రాత్రి మాత్ర పేరు, క్యాప్సూల్‌లో పొడి మిగిలిందో లేదో నాకు రాయండి. అవి చూసి మిగతాది చెబుతాను.